వదంతి మీద ప్రభుత్వ ముద్ర పడనివ్వకండి: హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఒక మహానగరం తగలబడితే మంటలార్పే యంత్రాంగం మీ చేతిలో ఉంటుంది. శాంతిభద్రతలూ మీ చేతిలోనే ఉంటాయి. ఈ రెండింటి నడుమ ఇంకో పని ఉంది. అది ఫలానావారిదని ఎవరూ రాసిపెట్టకపోవడంతో చాలాసార్లు ఎవరూ చేయరు. ‘ఇది ఫలానా మతంవాళ్ల పనే’ అన్న మాట పుట్టిన క్షణం నుంచి అసలు కారణం తేలేదాకా ఆ మాటను ప్రభుత్వం ఎలా ఎదుర్కోవాలి అన్నదే ఆ పని. దాని గురించే ఈ లేఖ రాస్తున్నాను.

వదంతిని పుట్టకుండా ఆపమని మిమ్మల్ని అడగడం లేదు. ఇల్లూ వాకిలీ ఒక్క పూటలో బూడిదైపోయిన మనిషికి ‘పొయ్యిలో నిప్పు సరిగా ఆరలేదు, గాలి వీచింది’ అన్న జవాబు చాలదు. పోయినదానికి తగినంత పెద్ద కారణం ఏదో ఉండి తీరాలనిపిస్తుంది. ఆ కారణం మనిషి రూపంలో, అదీ ముందునుంచీ తనకు గిట్టని మనిషి రూపంలో, సులభంగా దొరుకుతుంది. సర్వం కోల్పోయినవారి బలహీనత అది. వారిని నేను తప్పుపట్టను. నేను అడిగేదల్లా ఆ మాట మీద ప్రభుత్వ ముద్ర పడనివ్వవద్దని. పుకారు తనంతట తాను కొన్ని రోజులు తిరుగుతుంది, తర్వాత అలసిపోతుంది. కోర్టు తీర్పో, అధికారిక సందేశమో, శిలాఫలకమో తోడైతే మాత్రం తరాలపాటు బతుకుతుంది. ఇది నా ఊహ కాదు. 1666లో కాలిపోయిన లండన్ నగరం దీన్ని కాగితం మీదా రాయి మీదా వదిలి వెళ్లింది.

ఆ ఏడాది సెప్టెంబరు 2, ఆదివారం తెల్లవారకముందే పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే రొట్టెల వ్యాపారి ఇంట్లో నిప్పంటుకుంది. వానలు లేని వేసవి, తూర్పు నుంచి ఈడ్చికొట్టే గాలి, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ చెక్క ఇళ్లు, నది ఒడ్డున తారూ నూనే నింపిన గిడ్డంగులు. మేయరు థామస్ బ్లడ్‌వర్త్ వచ్చి చూశాడు, ఇదేమంత పెద్దది కాదని తీసిపారేసి వెళ్లాడు. మంటకు అడ్డంగా కొన్ని ఇళ్లు కూల్చేయాలని చెబితే, కూల్చిన ఇళ్లకు సొమ్ము ఎవరు కడతారని వెనకాడాడు. నాలుగు రోజుల్లో 13,200 ఇళ్లు, 87 పారిష్ చర్చిలు, సెయింట్ పాల్స్ ప్రధాన దేవాలయం కాలిపోయాయి.

అప్పటికి ఇంగ్లండ్ ఒకవైపు డచ్చివారితో, మరోవైపు ఫ్రెంచివారితో యుద్ధంలో ఉంది. సరిగ్గా కిందటి నెలలోనే ఇంగ్లిషు నౌకాదళం హాలండ్ తీరంలో సుమారు 150 వాణిజ్య నౌకలనూ ఒక ఊరినీ తగలబెట్టింది. కాబట్టి ‘బదులు తీర్చుకోవడానికి వచ్చారు’ అన్న అనుమానం ఎవరూ నేర్పకుండానే పుట్టింది. ఫ్రెంచివాళ్లు కాథలిక్కులు. కాథలిక్కులంటే ప్రొటెస్టంటు లండన్‌లో తరాలుగా భయం. డచ్చివాళ్లు ప్రొటెస్టంట్లే అయినా కోపం మీదున్న జనానికి ఆ తేడా కనిపించలేదు. విదేశీయుడు, కాథలిక్కు, నిప్పు పెట్టినవాడు అన్న మూడు మాటలూ ఒక్కటైపోయాయి.

ఇక్కడ మీ శాఖకు నేరుగా పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. సోమవారంనాడు థ్రెడ్‌నీడిల్ వీధిలోని తపాలా కార్యాలయం కాలిపోయింది. ప్రభుత్వ పత్రిక లండన్ గెజెట్‌ను అచ్చువేసే ముద్రణాలయమూ కాలిపోయింది. ఆ రోజు సంచిక తర్వాత మళ్లీ గెజెట్ వెలువడింది సెప్టెంబరు 10న. అంటే నగరం కాలుతున్నన్నాళ్లూ, కాలి పొగలు కక్కుతున్నన్నాళ్లూ అధికారిక వార్త జనానికి చేరలేదు. ఆ ఖాళీని వీధుల్లో ఎవరికి తోచింది వాళ్లు నింపారు. మూర్‌ఫీల్డ్స్ మైదానంలో మూటాముల్లెతో పడి ఉన్న జనంలో ఒక రాత్రి, ఫ్రెంచి, డచ్చి సేనలు నగరంలోకి వచ్చేస్తున్నాయన్న కేక లేచింది. అంతే, చేతికందిన ఆయుధం పట్టుకుని వీధుల్లోకి ఉరికారు, కనబడిన విదేశీయుణ్నల్లా పట్టి కొట్టారు. రాజు సైనికులను పంపి వాళ్లను మళ్లీ మైదానానికి తరలించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో జరిగిన ఒక ఘటనను రాజుగారి కొలువులో ఛాన్సలర్‌గా ఉన్న క్లారెండన్ రాసిపెట్టాడు. పోర్చుగల్ రాయబారి సేవకుడొకడు దారినపోతున్నాడు. అతను జేబులోంచి నిప్పు ఉండ తీసి ఒక ఇంట్లోకి విసరడం కళ్లారా చూశానని ఒకతను ప్రమాణం చేసి చెప్పాడు. వెంటనే ఆ ఇల్లు అంటుకుందనీ చెప్పాడు. జనం సేవకుణ్ని చావబాదుతుండగా అటుగా వచ్చిన హోలిస్ ప్రభువు అడ్డుపడి విడిపించాడు. సేవకుడికి ఇంగ్లిషు రాదు. దుభాషీ ద్వారా అడిగితే తెలిసింది ఇదీ: నేలమీద ఒక రొట్టె ముక్క కనబడితే తీసి, పక్కనున్న ఇంటి గుమ్మం లోపలి బల్లమీద పెట్టాడు. అన్నాన్ని కాళ్లకింద పడనివ్వకూడదన్నది వాళ్ల దేశాచారం. రాజైనా వంగి తీసి పక్కన పెట్టాల్సిందేనన్నాడు. అధికారులు ఊరుకోకుండా వెళ్లి చూశారు. గుమ్మం లోపల బల్లమీద రొట్టె ముక్క ఉంది. ఆ ఇల్లు చెక్కుచెదరలేదు. కాలుతున్నది దానికి రెండిళ్ల అవతలిది.

మంత్రి గారూ, ఈ ఘటనలో సాక్షి అబద్ధాలకోరు అని నేననుకోవడం లేదు. ఒక చెయ్యి కదలడం చూశాడు, కాస్త దూరంలో మంట చూశాడు. మిగతాదంతా అతని భయం అతికించింది. ‘కళ్లారా చూశాను’ అన్న మాట మీదే మీ పోలీసులు సగం కేసులు నడుపుతారు కాబట్టి ఇది వారికి తెలియాలి. ఆ రెండిళ్ల దూరం నడిచి చూసిన అధికారులు ఉండబట్టే ఒక ప్రాణం నిలిచింది. అయినా జనాగ్రహం చల్లారేవరకు అతన్ని జైలులోనే ఉంచాల్సి వచ్చింది, అతని రక్షణ కోసమే. బయటివాళ్లకు మాత్రం అది ఎలా వినిపించి ఉంటుంది? ‘నిప్పు పెట్టినవాణ్ని పట్టుకుని లోపల వేశారట’ అనే కదా. రక్షణ కోసం తీసుకెళ్లినవారిని అనుమానితులుగా తీసుకెళ్లలేదని గొంతెత్తి చెప్పకపోతే, ఆ రక్షణే కొత్త పుకారుకు సాక్ష్యమవుతుంది. ఈ ఒక్క తేడానైనా మీ ఉత్తర్వుల్లో రాయించండి.

పాలకులు నోరు మెదపలేదని అనడం అన్యాయం. సెప్టెంబరు 6న రాజు రెండో చార్లెస్ స్వయంగా గుర్రమెక్కి మూర్‌ఫీల్డ్స్‌కు వెళ్లాడు. ఇది దైవఘటన, ఫ్రెంచివారి కుట్రా కాదు, డచ్చివారిదీ కాదు, కాథలిక్కులదీ కాదని నిరాశ్రయులకు చెప్పాడు. తర్వాత ఆయన మంత్రివర్గం విచారించి, పెనుగాలి, విపరీతంగా ఎండిన ఋతువు, దైవేచ్ఛ తప్ప మరో కారణానికి ఆధారం దొరకలేదని తేల్చింది. ఇంత స్పష్టంగా చెప్పిన ప్రభుత్వం కూడా ఎక్కడ ఓడిపోయిందో చూడండి.

రాబర్ట్ హ్యూబర్ట్ అని ఫ్రాన్సులోని రువాన్ ఊరివాడు, ఒక గడియారాల పనివాడి కొడుకు. వయసు సుమారు 26. దేశం దాటబోతూ పట్టుబడి, నిప్పు పెట్టింది తానేనని ఒప్పుకున్నాడు. మొదట వెస్ట్‌మిన్‌స్టర్‌లో పెట్టానన్నాడు. మంటలు వెస్ట్‌మిన్‌స్టర్ దాకా రానేలేదని తెలిశాక, పుడ్డింగ్ లేన్‌లోని రొట్టెల దుకాణంలోకి నిప్పు ఉండ వేశానని మాట మార్చాడు. చెప్పిన ప్రతిసారీ కథ మారింది. అతని మాటలు అతుకూబొతుకూ లేకుండా ఉన్నాయనీ, తనకు నమ్మకం కుదరలేదనీ ప్రధాన న్యాయమూర్తే రాజుకు చెప్పాడు. న్యాయమూర్తులుగానీ విచారణకు వచ్చినవారుగానీ అతన్ని దోషి అనుకోలేదనీ, బతుకు మీద విసిగిన మతిస్థిమితం లేని అభాగ్యుడనుకున్నారనీ క్లారెండన్ రాశాడు. అయినా అక్టోబరు 27న టైబర్న్‌లో ఉరి తీశారు. తర్వాత అతన్ని తెచ్చిన ఓడ కెప్టెన్ వచ్చి, మంటలు మొదలైన రెండు రోజులకుగానీ హ్యూబర్ట్ లండన్ నేల మీద కాలుపెట్టలేదని చెప్పాడు. అతను అసలు కాథలిక్కే కాదని, ప్రొటెస్టంటని, ఎరిగినవారు చెప్పారు. అంటే కాథలిక్కుల కుట్రకు రుజువుగా ఉరికంబమెక్కినవాడు కాథలిక్కు కాదు, నిప్పు రాజుకున్న రోజున ఊళ్లోనే లేడు.

అతని మీద అభియోగపత్రంలో సంతకం చేసినవారిలో ఫారినర్ కుటుంబం వాళ్లు ముగ్గురున్నారు. నిప్పు ఎవరి ఇంట్లో మొదలైందో ఆ కుటుంబమే. పొయ్యి ఆర్పే పడుకున్నామని ప్రమాణం చేసినవాళ్లు వాళ్లే. వాళ్లను రాక్షసులుగా చూపడానికి ఇది చెప్పడం లేదు. నిందితుడు దొరకగానే ఊపిరి పీల్చుకునేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. పొయ్యి చూసుకోవలసినవాడు, ఇళ్లు కూల్చడానికి వెనకాడిన మేయరు, చెక్క ఇళ్లు కట్టొద్దన్న పాత ఆజ్ఞలను పట్టించుకోనివాళ్లు. మతం పేరు పైకి వచ్చిందంటే వీళ్లెవరినీ ఇక ఎవరూ ప్రశ్నించరు. ఏ అగ్నిప్రమాదంలోనైనా పుకారు ఎంత జోరుగా తిరుగుతుంటే, తనిఖీ చేయాల్సినవారి సంతకాలు అంత జాగ్రత్తగా చూడమని మీ దర్యాప్తు అధికారులకు చెప్పండి.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటారు. అందరూ అంటున్నారంటే ఏదో ఉండే ఉంటుందని దీని అర్థంగా వాడతాం. హ్యూబర్ట్ విషయంలో పొగ చాలా వచ్చింది. నేరాంగీకారం వచ్చింది, అభియోగం వచ్చింది, తీర్పు వచ్చింది. కాలిపోయిన దుకాణం ఉన్న చోటును అతను వేలుపెట్టి చూపించాడు కూడా. అప్పటికి లండన్‌లో ఆ చోటు తెలియని మనిషి ఎవరు?

ఆ తర్వాతి కథ నన్ను ఇంకా కలవరపెడుతుంది. 1667లో పార్లమెంటు పునర్నిర్మాణ చట్టం చేసింది. కొత్త ఇళ్లు ఇటుకతోనో రాతితోనో కట్టాలంది, ఇరుకు వీధులను వెడల్పు చేయించింది. యజమానులకూ అద్దెదారులకూ మధ్య తగవులు తీర్చడానికి ప్రత్యేక అగ్ని న్యాయస్థానం పెట్టారు. అంటే చట్టం రాసినవారికి కారణం స్పష్టంగా తెలుసు. చెక్క, ఇరుకు, గాలి. కాథలిక్కుల నుంచి కాపాడుకోవడానికి ఎవరూ ఇటుక గోడ కట్టరు కదా. కానీ అదే నగరం, ప్రమాదం జరిగిన చోటికి దగ్గర్లో క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్ నిర్మించిన 202 అడుగుల స్మారక స్తంభం మీద 1681లో ఒక వాక్యం చెక్కించింది. ఇంతటి ఘోరాలు చేసిన కాథలిక్కుల ఉన్మాదం ఇంకా చల్లారలేదని దాని సారాంశం. పుడ్డింగ్ లేన్‌లో పెట్టిన ఇంకో ఫలకం మీద హ్యూబర్ట్ పేరు ఎక్కించారు.

నిప్పారిన పదిహేనేళ్లకు ఆ వాక్యం ఎందుకు వచ్చిందంటే, మధ్యలో టైటస్ ఓట్స్ అనేవాడు కాథలిక్కులు రాజును చంపబోతున్నారని కథ అల్లాడు. లండన్‌ను కాల్చిందీ జెసూట్లనే కాథలిక్కు మతగురువుల సంఘంవాళ్లేనన్నాడు. 1666 నాటి పుకారు జనం మనసుల్లో సిద్ధంగా ఉంది కాబట్టి కొత్త అబద్ధానికి పునాది తవ్వే శ్రమ లేకపోయింది. ఆ కట్టుకథకు ఇరవై మందికి పైగా నిరపరాధులు ప్రాణాలిచ్చారు. 1685లో ఓట్స్‌కు అబద్ధపు సాక్ష్యం నేరం కింద శిక్ష పడింది. కాథలిక్కు అయిన రెండో జేమ్స్ గద్దెనెక్కిన ఆ ఏడాదే స్తంభం మీది వాక్యాన్ని చెరిపేశారు. ఆయన గద్దె దిగగానే 1689లో మళ్లీ లోతుగా చెక్కారు. చివరకు తొలగించింది 1830లో. ఆ జేమ్సే 1666లో యువరాజుగా మంటలార్పే పనికి నాయకత్వం వహించి, వీధుల్లో విదేశీయులను మూకల బారినుంచి కాపాడినవాడు. ఆ మనిషి మతస్థులనే నగరం రాతి మీద దోషులుగా నిలబెట్టింది.

ఒక ప్రభుత్వం విచారించి ఆధారం లేదన్న మాట, ఇంకో అధికార పీఠం రాతి మీద చెక్కించగానే దాదాపు 150 ఏళ్లు నిజంగా చెలామణి అయింది. రాజు మైదానంలో చెప్పిన మాట గాలికి పోయింది. రాయి నిలిచింది.

పాలకుడే పుకారును మళ్లించిన సందర్భం అంతకంటే పాతది. క్రీ.శ. 64లో రోము కాలినప్పుడు, నగరంలోని 14 విభాగాల్లో నాలుగే చెక్కుచెదరకుండా మిగిలాయని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. చక్రవర్తి నీరో తన తోటలను నిరాశ్రయులకు తెరిచాడు, ధాన్యం ధర తగ్గించాడు. అయినా చక్రవర్తే కాల్పించాడన్న పుకారు ఆగలేదు. దాన్ని తన మీదినుంచి దులుపుకోవడానికి అతను అప్పటికే జనానికి గిట్టని క్రైస్తవులను చూపించాడు. వాళ్లను కుక్కలతో చీల్పించారు, శిలువ వేశారు, రాత్రిపూట దీపాలుగా కాల్చారు. టాసిటస్‌కు క్రైస్తవులంటే ఏ కోశానా ఇష్టం లేదు. అతను కూడా, వాళ్లు చచ్చింది ప్రజాక్షేమం కోసం కాదు, ఒక్కడి క్రౌర్యం తీర్చడానికని జనానికి జాలి పుట్టిందని రాశాడు. మంత్రి పదవిలో ఉన్నవారికి ఈ శోధన ఎదురు కాకుండా ఉండదు. సహాయం ఆలస్యమైందని జనం మీ మీద మండిపడుతున్న పూట, ‘కుట్ర కోణంలోనూ దర్యాప్తు చేస్తున్నాం’ అన్న ఒక్క వాక్యం కోపాన్ని మీ నుంచి పక్కకు మళ్లిస్తుంది. అది ఎవరి ఇంటి మీదికి మళ్లుతుందో చెప్పనక్కర్లేదు. కొంప కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడగడమంటే ఇదే.

1923 సెప్టెంబరు 1న భూకంపం తర్వాత టోక్యో, యోకొహామా కాలిపోయాయి. అక్కడ నింద మతం మీద కాదు, కొరియన్ల మీద పడింది. నిప్పు పెడుతున్నారు, బావుల్లో విషం కలుపుతున్నారన్నారు. ఆ పుకారును హోం మంత్రిత్వ శాఖ పోలీసు విభాగమే నిజమన్నట్టుగా తంతిలో జిల్లాలకు పంపింది. మూకలు దారుల్లో కాపు కాసి, కొరియన్లకు పలకడం కష్టమైన జపాను మాటలు పలికించి, తడబడినవారిని చంపాయి. వేలమంది పోయారు. ఆ తంతి మీ శాఖ లాంటి శాఖ నుంచే వెళ్లిందన్నది మీరు మరిచిపోకూడదు. అదే రోజుల్లో అదే శాఖ కింద పనిచేసే ఒకావా త్సునెకిచి అనే అధికారి, యోకొహామాలోని త్సురుమి పోలీసు స్టేషనులో సుమారు 300 మంది కొరియన్లను దాచి, స్టేషనును చుట్టుముట్టిన గుంపుకు ఎదురు నిలిచాడు. విషం కలిపారంటూ తెచ్చిన నీళ్లను గుంపు ముందే తాగి చూపించాడని చెబుతారు. ఆయనకు పైనుంచి అలాంటి ఉత్తర్వేమీ లేదు. పైనుంచి వచ్చింది అందుకు విరుద్ధమైన మాట. మీ ఉత్తర్వు ఉంటే మీ అధికారులు ఒకావా అంత ధైర్యవంతులు కావలసిన అవసరం ఉండదు. నేను ఇంత పట్టుబట్టడానికి కారణం అదే.

ఇవాళ తపాలా కార్యాలయం కాలిపోనక్కర్లేదు. మంట పైకి లేచిన నిమిషాల్లోనే ఎక్కడిదో పాత ఫోటో, ఎవరిదో గొంతు, ఫలానా ప్రార్థనా మందిరం దగ్గర డబ్బాలు దొరికాయన్న మాట ఫోన్లలో తిరిగేస్తాయి. మీ ప్రకటన మర్నాడు సాయంత్రం వస్తే అది లండన్ గెజెట్‌లాగే వారం తర్వాత వచ్చినట్టు. తొలి గంటల్లోనే రాజకీయ నాయకుడు కాకుండా అగ్నిమాపక అధికారి మాట్లాడాలి. తెలిసింది ఇంత, తెలియనిది ఇంత, మళ్లీ ఫలానా వేళకు చెబుతాను అనాలి. ఆ వేళకు కొత్తగా తెలిసింది ఏమీ లేకపోయినా వచ్చి ఆ మాటే చెప్పాలి. పుకారు ఏ వర్గం పేరెత్తిందో వారి ఇళ్ల దగ్గరా ప్రార్థనా స్థలాల దగ్గరా దాడి జరిగాక కాదు, పేరు వినబడగానే పోలీసులు నిలబడాలి.

నిజంగానే ఎవరో నిప్పు పెట్టి ఉంటే ఎలాగని మీరు అడగవచ్చు. అలాంటి నేరాలు ఉంటాయి, వాటిని పట్టుకోవాల్సిందే. కానీ దర్యాప్తుకు కుట్ర అన్న ప్రకటన అవసరం లేదు, సాక్ష్యం కావాలి. పట్టుబడినవాడి పేరు ముందు అతని మతం పెట్టడం వల్ల ఏ కేసూ బలపడదు. అతను ఒప్పుకున్నాడన్న మాట చేతికి వచ్చినా, ఆ రోజు అతను ఎక్కడున్నాడు, ఏ దారిన వచ్చాడు, చెప్పిన చోట నిప్పు పుట్టే వీలుందా అన్నవి అతని మాట మీద ఆధారపడకుండా తేల్చాలి. హ్యూబర్ట్ ప్రాణం పోయాక కాకుండా ముందే ఓడ కెప్టెన్‌ను పిలిపించి ఉంటే సరిపోయేది.

కారణం తేలాక నివేదికను పూర్తిగా, అందరికీ అందేలా అచ్చువేయించండి. నిందపడ్డవారికి సంబంధం లేదని తేలితే ఆ మాటను నింద వినబడినంత గట్టిగా, మీ సంతకంతో చెప్పండి. షికాగోలో 1871 నాటి అగ్నికి ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కేథరిన్ ఓలియరీ అనే కాథలిక్కు మహిళ ఆవే దీపం తన్ని కారణమైందని పత్రికలు రాశాయి. అప్పటి విచారణ కారణం తేల్చలేకపోయింది. ఆమె ఆ అపవాదు మోస్తూనే కన్నుమూసింది. ఆమె నిర్దోషి అని నగర మండలి తీర్మానించింది 1997లో. బతికుండగా వినాల్సిన మాట అది.

ఇక చివరి విన్నపం. స్మారక ఫలకం ఏదైనా పెట్టేటప్పుడు, దాని మీది ప్రతి వాక్యాన్నీ విచారణ నివేదికతో సరిచూసి ఆమోదించే బాధ్యత ఒక అధికారికి అప్పగించండి. ఇప్పటికే ఉన్న ఫలకాల్లో, పాఠ్యపుస్తకాల్లో, పోలీసు రికార్డుల్లో రుజువు కాని నింద ఏ మతం మీదైనా మిగిలి ఉంటే వెతికి తీయించండి. పైన చెప్పినవన్నీ కలిపి ఒక ఉత్తర్వుగా ఇచ్చి, దాని ప్రతిని ప్రతి అగ్నిమాపక కేంద్రానికీ, ప్రతి పోలీసు స్టేషనుకూ పంపించండి. తర్వాతి నగరం ఎప్పుడు అంటుకుంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఈ పని ఈ నెలలోనే చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక చరిత్ర ఉపాధ్యాయుడు